వెంట్ ఎక్కడ, గాన్ ఎక్కడ?

సంపాదకులకు,

నమస్కారం. గత సోమవారం మీ విద్యార్థుల పేజీలో ఇంగ్లీషు క్రియల పట్టిక వేశారు. గో–వెంట్–గాన్, సీ–సా–సీన్, టేక్–టుక్–టేకెన్... మూడు నిలువు వరసలు, అడుగున 'వీటిని కంఠస్థం చేయండి' అని ఒక ముక్క. కత్తిరించి మా షాపు గోడకి అంటించాను. అంటించాక రోజూ దాన్ని చూస్తుంటే ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

నేను తణుకులో 22 ఏళ్లుగా డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. ఎదురుగా కాలేజీ. బయోడేటాలు, లీవు లెటర్లు, ప్రాజెక్టు రిపోర్టులు, పోలీసు కంప్లయింట్లు... మా వీధి ఇంగ్లీషు చాలావరకు నా కీబోర్డు మీదుగానే బయటికి వెళ్తుంది. ఇక్కడికొచ్చే పిల్లల్లో పట్టిక రానివాళ్లు తక్కువ. నిద్రలో లేపి అడిగినా 'రైట్, రోట్, రిటెన్' అని ఎక్కంలా అప్పజెబుతారు. ఆ పిల్లలే కాగితం మీద 'ఐ హావ్ రోట్ టు ది బ్యాంక్' అని రాసుకొస్తారు. 'ఐ హావ్ డిడ్ మై బీటెక్' ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు. కంప్యూటరు ఎర్ర గీత పెట్టి పట్టుకుంటుందనుకోకండి. డిడ్ స్పెల్లింగులో తప్పేముంది పాపం!

మొన్న ఒకాయన బండి పోయిందని కంప్లయింట్ రాసుకొచ్చాడు. 'మై బైక్ స్టోల్ లాస్ట్ నైట్.' అంటే రాత్రి ఆ బండే వెళ్లి ఎవరింట్లోనో దొంగతనం చేసిందన్నమాట. 'వాజ్ స్టోలెన్' అని మార్చబోతే, "ఉన్నదున్నట్టు కొట్టండి మేడమ్, మళ్లీ స్టేషన్లో తేడా వస్తుంది" అన్నాడు. నవ్వాపుకుని, నచ్చజెప్పి మార్చాను.

రెండో గడిలోది ఎప్పుడు తీయాలి, మూడో గడిలోది ఎప్పుడు తీయాలి అన్నది పట్టిక చెప్పదు. 'హావ్ వస్తే మూడోది' అని ట్యూషన్లో చెబుతారు, ఎందుకో చెప్పరు. అది పరీక్ష హాల్లో గుర్తుంటుంది, బయోడేటా దగ్గరకొచ్చేసరికి ఎగిరిపోతుంది. దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీషు కట్టి పాసైన నాకే ఇది సరిగా ఎక్కలేదు. ఎక్కించింది మా అబ్బాయి తెలుగు వ్యాకరణం. వాడికి సమాపక క్రియ (వాక్యాన్ని ముగించేది), అసమాపక క్రియ (ముగించకుండా ఇంకో మాట కోసం ఆగేది) చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను.

'రాముడు వెళ్లాడు' అంటే మాట అయిపోయింది. 'రాముడు వెళ్లి' అంటే, వెళ్లి ఏం చేశాడని ఎదుటివాడు ఎదురుచూస్తాడు. వెంట్ అంటే 'వెళ్లాడు'. గాన్ అంటే 'వెళ్లి'. 'హీ హాజ్ గాన్' అంటే వెళ్లి ఉన్నాడు. మరి 'హీ హాజ్ వెంట్' అంటే? 'వెళ్లాడు ఉన్నాడు'! పలక పట్టిన పిల్లాడు కూడా తెలుగులో అలా అనడు. 'డిడ్ నాట్ వెంట్' దగ్గరా ఇదే పేచీ. 'వెళ్లాడు లేదు' అని మనం అనం, 'వెళ్లలేదు' అంటాం. లేదు వచ్చి చేరగానే వెళ్లాడు కాస్తా 'వెళ్ల'గా కుదించుకుపోతుంది. డిడ్ వచ్చి చేరగానే వెంట్ కూడా అలాగే గో అయిపోతుంది. 'ది చెయిర్ బ్రోక్' అంటే కుర్చీ విరిగింది, 'బ్రోకెన్ చెయిర్' అంటే విరిగిన కుర్చీ. విరిగింది అన్నాక వాక్యం కూర్చుంటుంది. విరిగిన అన్నాక పక్కన ఇంకో మాట పడాలి.

ఈ కొలబద్ద అన్నిచోట్లా పనిచేస్తుందని అనను. ఐ సా, ఐ హావ్ సీన్, రెండింటికీ మనం 'చూశాను' అనే అంటాం. అందుకే 'ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే' అని నోటికొచ్చేస్తుంది. అక్కడ మూడో గడి మాట సరిగానే ఉంది, పక్కన 'నిన్న' ఉండటమే చిక్కు. నిన్న, కిందటి వారం, 2019లో అని గడిచిపోయిన సమయాన్ని పేరుపెట్టి చెప్పాక 'సా' అనాల్సిందే. ఇది తెలుగు దారిలో దొరకదు, విడిగా నేర్పాలి.

పిల్లల్ని మరీ తిట్టడం కూడా న్యాయం కాదు. ఇంగ్లీషు కవి థామస్ గ్రే రాసిన పేరున్న పద్యం ఎలిజీ 1751లో లండన్‌లో మొదటిసారి అచ్చయినప్పుడు పేరు 'యాన్ ఎలిజీ రోట్ ఇన్ ఎ కంట్రీ చర్చ్ యార్డ్' అనే ఉంది. మనం చదువుకున్న 'రిటెన్' ఆ తర్వాత వచ్చింది. ఆ రోజుల్లో రెండూ చెల్లేవి. 1762లో రాబర్ట్ లోత్ అనే ఆయన వ్యాకరణం రాసి, ఇలా రెండింటినీ కలిపేయడం తప్పని తేల్చాడు, మహాకవి మిల్టన్ అంతటివాడినీ వదల్లేదు. 'ఐ హావ్ రోట్' అని ఎవరైనా తెస్తే "నువ్వు రెండున్నర వందల ఏళ్లు ఆలస్యంగా పుట్టావు నాన్నా" అంటాను. పిల్లలు బిక్కమొహం వేస్తారనుకోండి, అది వేరే సంగతి.

నా మనవి ఒక్కటే. ఈసారి పట్టిక వేసినప్పుడు మూడో వరసలో గాన్ అని ఒంటరిగా వేయకుండా 'హాజ్ గాన్', 'వాజ్ స్టోలెన్' అని తోడుతో సహా వేయండి. దాని పక్కన నాలుగో వరసలో తెలుగు మాట పెట్టండి: వెళ్లి, రాసి, విరిగిన. టైపింగుకి మీ దగ్గర మనిషి లేకపోతే నేను చేసి పంపుతాను, డబ్బులక్కర్లేదు. అను ఫాంటులో కావాలో యూనికోడ్‌లో కావాలో చెబితే చాలు.

— ఒక డీటీపీ షాపు నిర్వాహకురాలు, తణుకు