కొండెక్కే బండి గురించి నాయనకు

డెన్వర్,
ఫిబ్రవరి 2025.

నాయనకు, అమ్మకు నమస్కారాలు.

మేమందరం ఇక్కడ క్షేమంగా ఉన్నాము. మీరూ అక్కడ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నా ఆఫీసు పని మామూలుగా సాగుతోంది, మీ అల్లుడికీ ఇబ్బందేమీ లేదు, కాబట్టి ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను. పోయిన ఆదివారం ఫోనులో మీరు బండి గురించి రెండు మాటలు అడిగి పెట్టేశారు. ఇంట్లో కారు ఉండగా, ఇక్కడికి రాబోయే మీ ఇద్దరి కోసం నేను అప్పు చేసి పెద్ద బండి కొనడం దేనికన్నది ఒకటి, అంత పొడుగు బండి అందరినీ ఎక్కించుకుని కొండ ఎక్కుతుందా అన్నది రెండోది. పిల్లల గోలలో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను గనుక తీరిగ్గా రాస్తున్నాను. మొదటి మాటకు నాకు కోపం వచ్చింది. రెండోది మాత్రం ఏళ్ళ తరబడి తిరుమల ఘాటు రోడ్డు మీద సప్తగిరి బస్సు నడిపిన మనిషి అడగవలసిన మాటే. నేనూ ఈ శీతాకాలమంతా అదే ఆలోచిస్తున్నాను.

మీరిద్దరూ వస్తే ఇంట్లో ఏడుగురం అవుతాము. మా ఇద్దరికీ, పిల్లలిద్దరికీ, అత్తగారికీ ఇప్పుడున్న కారే ఇరుకు. పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని సర్దుకుందామంటే ఇక్కడ కుదరదు. ఈ కొలరాడో రాష్ట్రంలో తొమ్మిదేళ్ళలోపు పిల్లలను వాళ్ళ వయసుకు తగిన ప్రత్యేకమైన సీటులోనే కూర్చోబెట్టాలని ఈ ఏడాది జనవరి నుంచి చట్టం మారింది. ఆ సీట్లు రెండు బిగించాక వెనక మధ్యలో మిగిలే జాగాలో అత్తగారు ఒక భుజం ముందుకు, ఒక భుజం వెనక్కు పెట్టి కూర్చుంటారు. రెండు కార్లలో వెళ్ళవచ్చని మీ అల్లుడు అన్నారు. అమ్మ ఒక కారులో, మీరు ఇంకో కారులో కూర్చుని, ఎవరు ముందు వెళ్ళారో, ఎవరు వెనకబడ్డారో అని దారంతా ఫోన్లు చేసుకునే ప్రయాణం నాకు వద్దు. కాబట్టి ఏడుగురూ ఒకే బండిలో కూర్చోవాలి, ఏడుగురి సామానూ అందులోనే పట్టాలి. ఇందులో మీ కోసం ప్రత్యేకంగా చేసే ఖర్చేమీ లేదు. అత్తగారి కోసమైనా, పిల్లల కోసమైనా ఈ పని ఎప్పుడో ఒకప్పుడు చేయవలసిందే.

ఇక కొండ సంగతి. తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపే ఉంటుంది. మేముండే ఊరే సముద్రమట్టానికి 5,280 అడుగులు, అంటే 1,600 మీటర్ల ఎత్తు. ఇక్కడి నుంచి ఐ-70 హైవే మీద పడమటి వైపు సుమారు 60 మైళ్ళు వెళ్ళేసరికి ఐసెన్‌హోవర్ సొరంగం వస్తుంది. అది 11,000 అడుగులకు పైన ఉంది. అంత ఎత్తులో గాలి పలచబడుతుంది. గాలి పలచబడితే ఇంజనులోకి పోయే ఆక్సిజన్ తగ్గుతుంది, దానితో పాటే లాగుడూ తగ్గుతుంది. టర్బో, అంటే గాలిని ఒత్తి లోపలికి తోసే యంత్రం, లేని ఇంజను స్థూలంగా ప్రతి వెయ్యి అడుగులకు మూడు శాతం శక్తిని పోగొట్టుకుంటుందని ఇక్కడ లెక్క వేస్తారు. ఆ లెక్కన కాగితం మీద 280 హార్స్‌పవర్ ఉన్న ఇంజను మా ఇంటి ముందే 235 అయి కూర్చుంటుంది, సొరంగం దగ్గరికి చేరేసరికి 190 కూడా ఉండదు. బండ్లు అమ్మేవాడు చూపించే అంకె సముద్రం ఒడ్డున కొలిచిన అంకె. అందువల్ల నేను ఏ బండిని చూసినా, అందులో ఏడుగురు కూర్చుని డిక్కీ నిండా సామాను పెట్టుకుని సొరంగం ముందున్న ఆఖరి ఎత్తు మీద ఉన్నప్పుడు దానికి ఎంత మిగులుతుందన్న లెక్కే వేస్తున్నాను.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? తిరుపతి డాక్టరు ఇచ్చిన మాత్రలు మానేసిందని తమ్ముడు చెప్పాడు. మానవద్దని నా మాటగా చెప్పండి. ఈ కొండల అవతల గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్ అనే ఊరుంది, అక్కడ భూమిలోంచి వేడినీళ్ళు ఊరతాయి. ఆ నీటితో పెద్ద కొలను కట్టారు, ముసలివాళ్ళు మెడవరకు మునిగి గంటల తరబడి కూర్చుంటారు. అమ్మను అక్కడికి తీసుకువెళ్ళాలని నా కోరిక. ఆ ఊరికి పోవాలంటే ఈ సొరంగం దాటి, తరువాత 10,600 అడుగుల ఎత్తున్న వెయిల్ పాస్ అనే కనుమ కూడా ఎక్కి దిగాలి. లాగుడున్న బండి కావాలని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం. మీ మనవడితో సహా అందరూ నాకు వేగం మీద మోజు అనుకుంటున్నారు. కొంచెం మోజు ఉన్నా అది మీ దగ్గర నుంచి వచ్చినదే.

మొదట మీ అల్లుడి మాట మీద ఎత్తుగా, జీపులా ఉండే మూడు వరసల బండ్లు చూశాము. ఆయనకు మజ్డా సీఎక్స్-90 మీద మనసు పడింది. దానికి ఆరు సిలిండర్ల టర్బో ఇంజను, పై రకంలో ఖరీదైన పెట్రోలు పోస్తే 340 హార్స్‌పవర్ ఇస్తుంది. టర్బో ఉన్నందున పలచటి గాలిని కూడా ఒత్తిపట్టి లోపలికి తోస్తుంది, కాబట్టి ఎత్తుకు పోయినా పెద్దగా నీరసించదు. నడిపి చూశాను నాయనా, హైవే మీదకు ఎక్కే మలుపులో కాలు ఆనించగానే వీపు సీటుకు అతుక్కుపోయింది. తిరిగి వచ్చాక అత్తగారిని మూడో వరసలో కూర్చోబెట్టి చూశాము. ఆవిడ మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్టు ముడుచుకుని కాసేపు కూర్చుని, ఇందులో ఊరగాయ జాడీని పెట్టవచ్చుగానీ మనిషిని పెట్టకూడదని చెప్పి దిగిపోయారు. ఆ తరువాత మీ అల్లుడు దాని పేరు ఎత్తలేదు.

టయోటా గ్రాండ్ హైలాండర్ అంతకంటే నయం, మూడో వరసలో పెద్దవాళ్ళు నిజంగానే కూర్చోగలరు. మామూలు రకానికి టర్బో ఇంజను, 265 హార్స్‌పవర్. హైబ్రిడ్‌లో (ఇంజనుకు కరెంటు మోటార్లు తోడుండే బండిలో) పై రకానికి 362 వరకు ఉంది. కానీ మూడు వరసల్లోనూ మనుషులు కూర్చున్నాక వెనక మిగిలే డిక్కీ 20 ఘనపుటడుగులకు కొంచెం ఎక్కువ. మీరు తెచ్చే నాలుగు పెద్ద పెట్టెలు అందులో ఎక్కడ పెడతాము? పైకప్పు మీద కడితే గాలికి అడ్డం, అమ్మకు ఆ పెట్టెల మీదే ధ్యాస. పైగా ఆ బండి నేల ఎత్తు. చిన్నమామ ఫార్చ్యూనర్‌లో అమ్మను ఎక్కించడానికి ప్రతిసారీ పీట వేయవలసి రావడం మీకు గుర్తుండే ఉంటుంది.

ఇలా తిరిగి తిరిగి చివరికి మినీవ్యాన్ల దగ్గరికి వచ్చాము. మీకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే అవి ఇన్నోవాకంటే వెడల్పుగా, పొడుగ్గా, కిందికి ఉండే బండ్లు. పక్క తలుపులు జరిగి తెరుచుకుంటాయి గనుక పక్కన ఎంత ఇరుకులో నిలిపినా పూర్తిగా తెరుచుకుంటాయి. నేల మోకాలి కంటే కిందనే ఉంటుంది. అమ్మ ముందు కూర్చుని, తరువాత కాళ్ళు లోపలికి తిప్పుకోవచ్చు. మూడో వరస వెనక నేలలో లోతైన గుంట ఉంటుంది, ఏడుగురు కూర్చున్నా పెట్టెలు అందులో నిలబెట్టి పెట్టవచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు మూడో వరస సీటునే ఆ గుంటలోకి మడిచి దాచేయవచ్చు. ఇక్కడి మనవాళ్ళలో చాలామంది ఇవే కొంటారు. కొన్న కొత్తలో మగవాళ్ళు కాస్త సిగ్గుపడతారు, భారతదేశం నుంచి తల్లిదండ్రులు దిగిన రోజున ఆ సిగ్గు పోతుంది.

వీటిలో టయోటా సియెన్నా, హోండా ఒడిస్సీ రెండింటి మధ్య నేను చాలా రోజులు ఊగిసలాడాను. సియెన్నా 2021 నుంచి హైబ్రిడ్‌గానే వస్తోంది. ఇంజనూ కరెంటు మోటార్లూ కలిసి 245 హార్స్‌పవర్. గ్యాలనుకు 36 మైళ్ళు, అంటే మన లెక్కలో లీటరుకు 15 కిలోమీటర్ల పైమాటే ఇస్తుంది. ఊళ్ళో తిరగడానికి దాన్ని మించినది లేదు, ఎవరైనా అడిగితే అదే కొనమని చెబుతాను. అయితే దానిది నాలుగు సిలిండర్ల ఇంజను, దాని సొంత బలం 189 మాత్రమే, మిగిలినది చిన్న బ్యాటరీ ఇచ్చే సాయం. మైళ్ళ తరబడి ఎడతెగని ఎత్తు ఎక్కేటప్పుడు బ్యాటరీ ఎంతసేపు సాయం పట్టగలదు? ఆ భారమంతా ఇంజను మీద పడి అరుపు లేస్తుంది. నడిపి చూసినప్పుడు గోల్డెన్ అనే ఊరు దాటాక వచ్చే ఎత్తు మీద నాకు వినబడింది ఆ అరుపే. మీరు పక్క సీటులో ఉంటే ఆ శబ్దానికి మీ కుడికాలు మీకు తెలియకుండానే కదులుతుంది.

ఒడిస్సీకి ఆరు సిలిండర్లు, మూడున్నర లీటర్ల ఇంజను, 280 హార్స్‌పవర్, పది గేర్లు. టర్బో లేదు, హైబ్రిడ్ బ్యాటరీ లేదు, మీరు బానెట్ ఎత్తి చూస్తే మీకు తెలిసిన ఇంజనులాగే ఉంటుంది. సొరంగం దగ్గర అది 190 లోపుకు పడిపోయినా, మన ఊరి ఇన్నోవా క్రిస్టా డీజిలు బండికి మైదానంలోనే ఉండే 150 కంటే అది ఎక్కువే. డీజిలుకు కింది స్పీడులోనే లాగుడు ఉంటుందని మీరు అంటారు, నేనూ ఒప్పుకుంటాను. ఇక్కడ ఆ లోటును పది గేర్లు పూడుస్తాయి. లారీని దాటాలని కాలు ఆనించగానే బండి ఒకేసారి రెండు మూడు గేర్లు దిగి, గొంతు సవరించుకుని ముందుకు పోయింది. ఏడు సీట్ల బండి నడుపుతున్నానన్న సంగతి కాసేపు మరిచిపోయాను.

దాని లోపాలు కూడా చెబుతాను. మైలేజీ గ్యాలనుకు 22 మైళ్ళే. ఏడాదికి పది వేల మైళ్ళు తిరిగితే సియెన్నాకంటే దాదాపు 175 గ్యాలన్ల పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మీ అల్లుడు ఇంట్లో కూర్చుని పని చేస్తారు, మేము అంత తిరగము. ఇక్కడి బంకుల్లో చవక పెట్రోలుకు ఆక్టేన్, అంటే ఇంజను కొట్టుకోకుండా కాచే గుణం, 85 మాత్రమే, ఈ ఇంజనుకు 87 పోయాలి గనుక మధ్య రకమే పోయించాలి. అన్నిటికంటే పెద్ద అనుమానం, దానికి ముందు చక్రాలకే లాగుడు ఉండటం. సియెన్నాకు కావాలంటే నాలుగు చక్రాలకూ ఇస్తారు. ఐ-70 కొండదారిలో సెప్టెంబరు నుంచి మే నెలాఖరు దాకా రెండు చక్రాల లాగుడున్న బండ్లకు మంచు టైర్లయినా ఉండాలి, గొలుసులయినా వెంట ఉండాలి. నేను చలికాలానికి వేరే టైర్ల జత కొని పెట్టుకుంటాను. మంచులో బండి కదలడానికి నాలుగు చక్రాలు సాయం చేస్తాయి, ఆగడానికి మాత్రం టైరే దిక్కు. ఇది మీరు వానాకాలంలో అరిగిన టైరుతో బస్సు తీయనని డిపోలో పేచీ పెట్టిన నాటి నుంచీ మన ఇంట్లో అందరికీ తెలిసిన విషయం.

దిగడం గురించి మీరు అడగలేదు, మనసులో అనుకునే ఉంటారు. తిరుమలలో 1974లో రెండో ఘాటు రోడ్డు వచ్చాక ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు అయ్యాయి. ఇక్కడ ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఒకే హైవేలో చెరో వైపు ఉంటారు. సొరంగం దాటాక అవతలి ఊరి దాకా ఏడు శాతం వాలు. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికి పక్కన కంకర పోసిన ఎత్తు దారులు కట్టి ఉంచారు. బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకుండా గేరులోనే బండిని పట్టి దించాలని మీరు నేర్పినదే ఇక్కడా పనికి వస్తోంది. ఒడిస్సీలో స్టీరింగ్ వెనక ఉన్న మీటలతో గేరు తగ్గించుకోవచ్చు. తగ్గించి చూశాను, పెద్ద ఇంజను గనుక బాగా పట్టుకుంది.

డబ్బు మాట. కొత్తది సుమారు 42,000 డాలర్ల దగ్గర మొదలవుతుంది. మేము కొత్తది కొనడం లేదు. ఒకే యజమాని చేతిలో ఉండి, సర్వీసు కాగితాలన్నీ ఉన్న మూడేళ్ళ పాత బండిని చూస్తున్నాము. ఇప్పటి కారు ఇచ్చేసి, చేతిలో ఉన్నది కలిపితే అప్పు కొంచెమే మిగులుతుంది. అది నా జీతంలో తీరిపోయే అప్పు. పొలం అమ్మే మాట ఎత్తవద్దు. ఒక చోట బేరమంతా కుదిరాక అద్దాలకు పూత, సీట్లకు పూత అని మేము అడగని వస్తువులకు రెండు వేల డాలర్లు కాగితంలో చేర్చి పెట్టారు. నేను ఒక్కొక్క పంక్తీ చదివి వాటిని కొట్టివేయించబోతే కుదరదన్నారు, లేచి వచ్చేశాము. కాబట్టి నన్ను మోసం చేస్తారని భయపడకండి.

వచ్చే శనివారం ఇంకొక బండి చూడబోతున్నాము. మెకానిక్ చేత లిఫ్టు మీదకు ఎక్కించి అడుగు భాగం చూపిస్తాను, రోడ్ల మీద ఉప్పు చల్లే చోట తుప్పు కింద నుంచే మొదలవుతుంది. అంతకంటే ముందు మీరు ఇంకేమి చూడమంటారో ఫోనులో చెప్పండి. చల్లారిన ఇంజనును మొదటిసారి తిప్పినప్పుడు పొగ రంగు చూడమని మీరు అంటారని తెలుసు, అది రాసి పెట్టుకున్నాను.

ఇంకొక్క పని ఉంది. మీ లైసెన్సు, పాస్‌పోర్టు, వీసా కాగితాలు తీసుకుని తమ్ముడితో ఆర్టీవో ఆఫీసుకు వెళ్ళి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది, కాబట్టి టికెట్లు ఖాయమయ్యాకే తీసుకోండి. ఇన్సూరెన్సులో మీ పేరు చేర్చడం నేను చూసుకుంటాను. ఇక్కడ స్టీరింగ్ ఎడమ పక్క, నడిచేది కుడి పక్క. మొదట రెండు రోజులు మా వీధిలోనే నడపాలి, ఈ షరతు అమ్మ ఎదుటే ఒప్పుకోవాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి