పంటు మీద నా కాలు పట్టుకున్న పెద్దమ్మకి

కాలికి ఆపరేషన్ చేయించుకుని నిన్ననే ఇంటికొచ్చాను. నాకు సాయం చేసినవాళ్ళకి థాంక్స్ చెప్దామని రాస్తున్నాను. తొడ దాకా కట్టు, రెండు రాత్రులుగా నిద్ర లేదు. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన నెల నరసాపురంలో షాపు కట్టేశాక గోదావరి దాటించి సఖినేటిపల్లి తెచ్చే పంటు ఎక్కాను. చీలమండ దగ్గర వెచ్చగా తగిలితే వంగి చూశాను. చెప్పు నిండా రక్తం. నొప్పి లేదు. ఏళ్ళ తరబడి పిక్క మీద మెలికలు తిరిగి ఉన్న నరం చిట్లింది. వశిష్ట గోదావరి మధ్యలో ఉన్నాం. ఎవరో తువ్వాలు తీసి మోకాలి పైన బిగించబోతే, చేపలమ్ముకుని తిరిగొస్తున్న ఒక పెద్దమ్మ గట్టిగా అరిచింది. "కట్టకండయ్యా! ముందు పడుకోబెట్టండి."

ఖాళీ గంప బోర్లించి దాని మీద నా కాలు పెట్టింది. తల మీది చుట్టకుదురు గుడ్డ మడిచి, రేవు వచ్చేదాకా అరచెయ్యి తియ్యకుండా నొక్కి పట్టింది. ఆవిడ గాజుల నిండా నా రక్తమే. "నరం తీసేస్తే కాలు పడిపోద్దంటారని వెళ్ళలేదండీ" అన్నాను. ఆవిడ చీర అంచు కాస్త పైకి జరిపింది. చీలమండ లోపలివైపు నల్లటి మచ్చ, మానిన పుండు. "నాకూ అలాగే చెప్పారు తల్లీ. పసర్లు రాసి రాసి పుండు చేసుకున్నాను. ఆపరేషనయ్యాక నడిచే గదా పంటు ఎక్కాను?" అంది. అంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

మనం నరం అంటాం గానీ అది సిర అని, ఈ జబ్బుని వెరికోస్ వీన్స్ అంటారని డాక్టరుగారు చెప్పారు. పోటుకి ఉప్పునీరు ఎగదన్నకుండా మురుగు కాలవలకి తలుపులు పెడతారే, అలాంటివే సిరల్లోనూ ఉంటాయట. అవి పాడైతే పైకెళ్ళాల్సిన రక్తం కిందకి జారి నిలిచిపోతుంది. లేజరుతో ఆ సిరని లోపల్నుంచే మూసేశారు. రక్తం లోతు సిరల్లోంచి వెళ్ళిపోతుందట. అదే రోజు నడిపించారు. ఇంకోచోట మళ్ళీ రావచ్చని కూడా చెప్పారు. రోజూ పన్నెండు గంటలు నిలబడే ఉద్యోగం మరి, షాపులో మాకు స్టూలు కూడా వెయ్యరు.

పంటు మీద రక్తం కారాక, ఈ ఆపరేషన్‌కి ముందు తిరిగిన ఆసుపత్రి పేరు చెప్పను. ఒక రోజు సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ మిషన్ పాడైందన్నారు, ఇంకో రోజు స్కాన్ తీసే ఆయన సెలవు. మూడోసారి వెళ్తే కౌంటర్లో కూర్చున్నాయన "ఇది అందం కోసం చేయించుకునేదమ్మా, కార్డు మీద రాదు" అన్నాడు. చెప్పు నిండా రక్తం కారితే అందమా?

మా ఆయన, అత్తగారు, తమ్ముడు ఉండనే ఉన్నారు. వాళ్ళకి వేరే థాంక్స్ చెప్పక్కర్లేదు.

పెద్దమ్మ పేరు అడగలేదు. ఆ గుడ్డ ఉతికి దాచాను. సాయంత్రం పంటులో వచ్చేవాళ్ళు ఆవిడ్ని చూస్తే నాకు చెప్పండి.

అయ్యో, డబ్బులు తీసుకోని ఆటో బాబుని మర్చిపోయాను. పక్క మంచం వాళ్ళ కోడలు కూడా, రెండు పూటలా జావ తెచ్చిచ్చింది. ఇంకా పంటు కుర్రాళ్ళు, పాపం నా రక్తం వాళ్ళే కడిగారు.