మేరువు వేరు, కైలాసం వేరు

ఎడిటర్ గారికి నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో కైలాస యాత్ర గురించి వేసిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం, ఫోటోలు చాలా బాగున్నాయి, కానీ ఒక్క లైను మాత్రం నాకు మింగుడు పడలేదు. పురాణాల్లో చెప్పిన మేరు పర్వతం ఇదే అని రాసేశారు. భాగవతం పంచమ స్కంధం తీసి చూడండి, జంబూద్వీపం (పురాణాల ప్రకారం మనం ఉండే ద్వీపం) మధ్యలో మేరువు, దానికి దక్షిణంగా కైలాసం, కరవీరం అని రెండు కొండలు వేరేగా చెప్పారు. రెండూ ఒకటే అయితే తనకి తనే దక్షిణంగా ఎలా ఉంటుందండీ? యాత్రకి వెళ్ళినవాళ్ళు కైలాసాన్నే మేరువు అనుకుని దణ్ణం పెట్టుకుంటే అది వాళ్ళ భక్తి, దానికి నేనేం అనను. పురాణంలో అలాగే ఉందని పేపర్లో వస్తే మాత్రం పిల్లలు అదే ఖాయం చేసుకుంటారు.

అసలు ఆకారమే కలవదు. విష్ణు పురాణం ప్రకారం మేరువు ఎత్తు 84 వేల యోజనాలు (యోజనం అంటే పాతకాలం దూరం కొలత), భూమి లోపలికి ఇంకో 16 వేలు, అడుగున వెడల్పు 16 వేలు, పైన 32 వేలు. అంటే పైకి పోయేకొద్దీ విచ్చుకునే కొండ, భూమి తామర పువ్వు అయితే దాని మధ్యలో గింజలుండే దుద్దు అన్నమాట. కైలాసం 6,638 మీటర్లు, అన్ని కొండల్లాగే పైకి సన్నబడేది.

నాకు ఇంత పట్టింపు ఎందుకంటే మేరువు మనం రోజూ పలికే మాట. ఏ పూజ చేసినా సంకల్పంలో మనం ఉన్న చోటు చెప్పడం "జంబూద్వీపే భరతవర్షే భరతఖండే మేరోః దక్షిణ దిగ్భాగే" (మేరువుకి దక్షిణాన) అనే కదా మొదలుపెడతాం, ఆ తర్వాతే శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పుకుంటాం. మా తణుకులో అయితే ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోః మధ్యదేశే అంటారు. మొన్న డల్లాస్‌లో మా తమ్ముడి కూతురు గృహప్రవేశం వీడియో కాల్‌లో చూస్తుంటే అక్కడి పంతులుగారు జంబూద్వీపే బదులు క్రౌంచ ద్వీపే అని చదివి మేరువు దగ్గర దిక్కు కూడా మార్చారు, మా బంధువులు తప్పు చదివాడని గొడవ. తప్పు కాదు, మనిషి ఎక్కడ కూర్చున్నాడో చెప్పడానికి మేరువే గుర్తు, చోటు మారితే దిక్కు మారదా మరి. ఈ అర్థం చెప్పేవాళ్ళు లేక అందరం గబగబా చదివేసి అక్షింతలు వేసుకుంటున్నాం.

ఇంకోటి, మనవాళ్ళు మేరువు గురించి ఒకే మాట మీద లేరు, నాకు ఎక్కువ ఇష్టమైన సంగతి ఇదే. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో భూమి గుండ్రంగా ఉందని చెప్పిన ఆర్యభటుడు మేరువుని తీసేయలేదు, ఉత్తర ధ్రువం దగ్గర పెట్టి అది ఒక్క యోజనమే అన్నాడు! 84 వేలు ఎక్కడ, ఒకటి ఎక్కడ. దేవతలకి పగలు ఆరు నెలలు, రాత్రి ఆరు నెలలు అని మనం వింటుంటాం కదా, మేరువు ధ్రువం దగ్గర ఉందనుకుంటే, అక్కడ సూర్యుడు ఆరు నెలలు కనిపించి ఆరు నెలలు కనిపించడు కాబట్టి, అది సరిగ్గా సరిపోతుంది.

బౌద్ధులు మేరువునే సుమేరువు అంటారు, దానికి నాలుగు పక్కలా నాలుగు రకాలు, బంగారం, వెండి, వైడూర్యం, స్ఫటికం. మన జంబూద్వీపం వైపు ఉన్నది వైడూర్యం, అంటే ఇక్కడ నీలి రంగు రాయి, కాబట్టి మనకి ఆకాశం నీలంగా కనిపిస్తుందంట, ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి డాబా మీదకి వెళ్ళి చూశాను. జైనులకైతే లక్ష యోజనాలు, అందులో వెయ్యి భూమిలోపల, పైన పాండుక వనంలో తీర్థంకరులకి (వాళ్ళ ధర్మగురువులకి) ఇంద్రుడు జన్మాభిషేకం చేస్తాడు. వాళ్ళు హస్తినాపురంలో జంబూద్వీపం నమూనా కట్టి మధ్యలో సుమేరువు కూడా నిలబెట్టారు, వీలైతే ఆ ఫోటో వేయండి.

దయచేసి వచ్చే ఆదివారం ఆ లైను సవరించండి, దాంతోపాటు సంకల్పం మొత్తానికి మాట మాటకీ అర్థం రాయించి ఒక అరపేజీ ఇవ్వండి. మా వీధిలో శ్రావణ మాసం పూజలకి పదిమందికి జిరాక్స్ తీసి పంచే పూచీ నాది.

ఇట్లు,
మీ పాఠకుడు, తణుకు