చిన్న ఊళ్ళ కోర్టులకూ శిక్షణ పంపండి

ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్ అధ్యక్షులు గారికి నమస్కారాలు.

నేను ఒక జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ప్రాక్టీసు చేసే వకీలును. 2024 జూలై 1న మూడు కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాయి. హత్య సెక్షన్ 302 కాస్తా 103 అయింది, మోసం సెక్షన్ 420 వెళ్ళి 318లో చేరింది. నంబర్లదేముంది, నాలుగు వాయిదాలు తిరిగితే అవే నోటికొస్తాయి.

అసలు టెన్షన్ ఎలక్ట్రానిక్ సాక్ష్యం దగ్గర. ఫోన్, కంప్యూటర్ రికార్డులను కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి పాత సాక్ష్య చట్టం కింద ఇచ్చే 65బి సర్టిఫికెట్ స్థానంలో, ఇప్పుడు కొత్త చట్టాల్లో ఒకటైన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద రెండు భాగాల సర్టిఫికెట్ కావాలి. ఒక భాగం పార్టీ నింపాలి, రెండోది నిపుణుడు. అందులో హాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటి కోడ్, రాయాలి. అదేమిటో, ఎలా తీస్తారో మా బార్‌లో చాలామందికి ఎవరూ చూపించలేదు. ఫోన్ రికార్డింగు పట్టుకొచ్చిన క్లయింటు మన మీద నమ్మకంతో కూర్చుంటాడు. మనం తడబడితే కేసు పోయేది అతనిది.

జడ్జీలకు జ్యుడీషియల్ అకాడమీ ఉంది. మాకు వృత్తి మొదట్లో రాసే ఏఐబీఈ (ఆల్ ఇండియా బార్ పరీక్ష) తర్వాత తప్పనిసరి చదువంటూ ఏదీ లేదు. సెమినార్లు జరపడం రాష్ట్ర బార్ కౌన్సిళ్ళ విధి అని 1961 అడ్వకేట్ల చట్టం 6వ సెక్షనే చెబుతోంది. కేరళ బార్ కౌన్సిల్‌కు ఇందుకోసం ప్రత్యేకంగా అకాడమీయే ఉంది.

అయ్యా, నెలకో శనివారం మా బార్ అసోసియేషన్ హాల్లోనే, తెలుగులో, ల్యాప్‌టాప్ ముందు పెట్టి నేర్పించండి. విజయవాడ రమ్మంటే జూనియర్లకు బస్సు ఛార్జీలే భారం. మా సీనియరు గారు ఈ వయసులోనూ కొత్త చట్టాల పుస్తకాలు కొని గీతలు గీసుకుంటున్నారు. ముందు వరుసలో కూర్చునేది ఆయనే.