చిన్నోడికి నాన్న ఉత్తరం

చిరంజీవి చిన్నాకి,

ఇక్కడంతా కులాసా. అమ్మ మోకాలు పర్వాలేదు. బుజ్జమ్మ పంపిన గోంగూర సీసా మూత చుట్టూ నూనె కారుంటుంది, తుడిచి ఫ్రిజ్‌లో పెట్టుకో. నువ్వు ఫోన్ చేసి పదిహేడు రోజులైంది. లెక్కపెట్టింది అమ్మ, నేను కాదు.

ఊరికే కూర్చోలేక నీ నోట విన్న జర్మన్ మాటలన్నీ పాత డైరీలో రాసుకున్నాను. మీ హాంబుర్గులో పొద్దునైనా రాత్రయినా పలకరింపు 'మొయిన్' ఒక్కటేనట, సుఖం. 'డిగ్గా' అంటే అసలు 'లావోడా' అనట, ఇప్పుడు మన 'మామా' లాంటి పిలుపు. 'క్రాస్' అద్భుతానికీ అదే, ఘోరానికీ అదే. 'గైల్' అంటే ఇప్పుడు 'సూపర్' అనట, దాని పాత బూతు అర్థం మాత్రం అమ్మకు చెప్పలేదు. అది ప్రొఫెసర్ దగ్గర వాడకు.

'కైన్ బాక్' కూడా రాసుకున్నాను. పోయినసారి థీసిస్ ఎంతవరకు వచ్చిందని అడిగితే, నేను ఫోన్ పెట్టేశాననుకుని పక్కవాడితో అన్నావు. బాక్ అంటే మేకపోతని చూశాను. థీసిస్‌కీ మేకపోతుకీ ఏం సంబంధమో అర్థం కాలేదు.

మాటలు నేర్చుకో, వద్దనను. ఎవరితో అంటున్నావో చూసుకో. 1988లో తెనాలి నుంచి హైదరాబాదు ఆఫీసులో చేరినప్పుడు, క్యాంటీన్‌లో అందరూ ఒకళ్ళనొకళ్ళు 'హౌలే' అనుకుని నవ్వుకునేవాళ్ళు. 'తెలివితక్కువోడా' అనే తిట్టని తెలీక ముద్దుమాట అనుకున్నాను. ఒకరోజు సూపరింటెండెంటు గారు కళ్ళజోడు కోసం బల్లంతా వెతుకుతున్నారు. "హౌలే సార్ మీరు, నెత్తిమీదే ఉంది కదా" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, నా టీఏ బిల్లు తెమ్మన్నారు. అది మూడుసార్లు వెనక్కొచ్చింది. బుచ్చిబాబు మామయ్య నన్ను ఇప్పటికీ 'హౌలే సార్' అనే పిలుస్తాడు, నీకు తెలుసుగా.

అక్కడా 'డూ', 'జీ' అని నువ్వు, మీరు తేడా ఉందట. పెద్దవాళ్ళు 'డూ' అనమనేదాకా 'జీ' అనే అను. చెప్పకూడదనుకుంటూనే చెప్పేస్తున్నాను.

వత్సల కొడుకుని అడిగితే, 'కైన్ బాక్' అంటే చేయబుద్ధి కావట్లేదని, "అందరూ ఊరికే అంటుంటారు అంకుల్" అనీ అన్నాడు. ఊరికే అన్నదైతే సరే. కాకపోతే చెప్పు. నేనూ ఇంటర్‌లో ఒక ఏడాది పోగొట్టుకున్నవాణ్ణే.

ఇప్పుడు మీకు నాలుగింటికే చీకటి పడుతుందట కదా, చెవులకు టోపీ పెట్టుకో. అప్పుడు మాకు ఎనిమిదిన్నర, భోజనాలు అయిపోతాయి. ఆదివారం ఆ టైముకి చెయ్యి. థీసిస్ సంగతి నేను అడగను. అమ్మ అడిగితే నాకు సంబంధం లేదు.

ఆశీస్సులతో,
నాన్న