తప్పు నెట్‌ది కాదు, ల్యాప్‌టాప్ సెట్టింగ్‌ది

సంపాదకులకు నమస్కారం.

నేను తెనాలిలో ఉంటూ ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలకు పొద్దున్నే ఆరింటికి క్లాసు. రెండు నెలలపాటు కరెంటు పోయిన ప్రతిసారీ ఒకటే టెన్షన్. రూటర్‌కి చిన్న యూపీఎస్ ఉంది, దాని లైట్లు వెలుగుతూనే ఉంటాయి, ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ నిండా ఉంటుంది, అయినా "టీచర్, మీ మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది" అంటారు పిల్లలు, కాసేపటికి లైనే తెగిపోతుంది. నెట్ అబ్బాయి మూడుసార్లు వచ్చి రూటర్ మార్చాడు, పెద్ద ప్లాన్ తీసుకోమంటే అదీ తీసుకున్నాను. ఈలోగా ఇద్దరు పిల్లలు మానేశారు.

అదే వైఫైలో నా ఫోన్ హాయిగా పనిచేస్తోందని, ఛార్జర్ పెట్టగానే ల్యాప్‌టాప్ కూడా బాగుంటోందని గమనించాకే అసలు సంగతి తెలిసింది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు కరెంటు ఆదా చేయడానికి విండోస్ వైఫై కార్డును (ల్యాప్‌టాప్‌లో వైఫై అందుకునే భాగం, సెట్టింగ్స్‌లో దీన్నే అడాప్టర్ అంటారు) మధ్యమధ్యలో నిద్రపుచ్చుతుంది. రూటర్ సెకనుకు దాదాపు 10 సార్లు సిగ్నల్ ఇస్తుంది, కార్డు ఆ సమయానికి లేచి తనకోసం ఆగి ఉన్న డేటా తీసుకుని మళ్లీ పడుకుంటుంది. కొన్ని రూటర్లకు, కార్డులకు ఈ లెక్క కుదరదు. అలాంటప్పుడే మాట ఆగుతుంది, లైను తెగుతుంది.

సరిచేయడానికి నాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కి వెళ్లి, వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్ కింద బ్యాటరీకి కూడా 'మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్' పెట్టాను. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదాకోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చు అనే టిక్ కూడా తీసేశాను (స్లీప్‌లోంచి లేచాక నెట్ రాకపోతే ముందు చూడాల్సింది ఇదే). కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇవి కనిపించవు, అప్పుడు క్లాసు అయ్యేదాకా ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రూటర్‌కి కలుపుకోవడం మంచిది. బ్యాటరీ కాస్త తొందరగా అయిపోవచ్చు, నాకైతే తేడా పెద్దగా తెలియలేదు.

నా బాధ ఒక్కటే. ఇంటికొచ్చిన వాళ్లలో ఒక్కరూ ల్యాప్‌టాప్ వైపు చూడలేదు. ఇంటర్వ్యూలు, ఆన్‌లైన్ పరీక్షలు ఇళ్ల నుంచే ఇస్తున్న పిల్లలు ఎందరో ఉన్నారు, వాళ్లకు మధ్యలో లైను తెగితే రెండో అవకాశం ఎవరిస్తారు? నెట్ కంపెనీలు తమ కుర్రాళ్లకు ఈ రెండు సెట్టింగ్‌లు చూడటం నేర్పాలి. మీ పత్రికలో కూడా స్క్రీన్ బొమ్మలతో దీన్ని ఒకసారి వేయండి, దయచేసి.

– ఒక ట్యూషన్ టీచర్, తెనాలి