పత్తి కట్టెకు కాటా పెట్టండి, చెట్లకు వద్దు

సంపాదకులకు,

పత్తి ఏరడం అయిపోగానే మా పల్నాడు పొలాల్లో కట్టె కుప్పలకు నిప్పు పెడతారు. రైతును తప్పు పట్టలేం. కట్టె చేలో నిలిచి ఉంటే గులాబీ రంగు పురుగు అందులోనే దాగి మళ్లీ పంట మీద పడుతుంది. ఆ కట్టెను కొని, కాల్చి కరెంటు తీసే బయోమాస్ (పంట వ్యర్థాల) విద్యుత్ కేంద్రాలు మళ్లీ రావాలని చాలామంది అడుగుతున్నారు. ఆరు మెగావాట్ల కేంద్రంలో బాయిలర్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి, నేనూ అదే కోరుకుంటున్నాను. పొద్దుగూకితే సోలార్ ఆగుతుంది, ఇది రాత్రంతా నడుస్తుంది. పైగా కట్టె డబ్బు ఊళ్లోకే వస్తుంది.

కానీ దాని మేత ఎంతో ముందు తెలుసుకోవాలి. యూనిట్ కరెంటుకు కిలో పైనే, ఒక్కోసారి కిలోన్నర దాకా ఊకో కట్టో కావాలి. ఆరు మెగావాట్లు నిండుగా నడిస్తే రోజుకు దాదాపు 200 టన్నులు. పత్తి కట్టె చూడ్డానికి ట్రక్కు నిండా ఉంటుంది, కాటా ఎక్కిస్తే తూకం రాదు. దూరం నుంచి తెస్తే డీజిలుకే సరి. అదీ దొరికేది కొన్ని నెలలే.

మిగతా నెలల్లో మేం మిల్లుల ఊక కొన్నాం. ఇటుక బట్టీలకూ అదే కావాలి, ధర పెరిగింది. తర్వాత సర్కారు తుమ్మ, ఆ తర్వాత సుబాబుల్. చివరికి గట్ల మీది వేప మొద్దులు కూడా లారీల్లో యార్డుకు దిగాయి. కొట్టొద్దని చెప్పే అధికారం మాకు లేదు. 2004లో విద్యుత్ నియంత్రణ మండలి మా కరెంటు కొనుగోలు ధర తగ్గించడం, ఇంధనం ధర పెరగడం కలిసి రాష్ట్రంలో చాలా కేంద్రాలను మూయించాయి.

పంట వ్యర్థం కాలిస్తే వచ్చిన కార్బన్‌ను మరుసటి పంట తిరిగి తీసుకుంటుంది. ముప్పై ఏళ్ల వేపను కాల్చి అదే లెక్క చెప్పడం మోసం. ఖర్చు మిగులుతుందని పొగలోని బూడిదను పట్టే ఈఎస్పీ యంత్రాన్ని రాత్రిళ్లు ఆపితే తెల్లారేసరికి పక్క ఊరి డాబాల మీద బూడిద పరుచుకుని ఉంటుంది. ఇవి నేను చూసినవే.

అందుకే అనుమతి ఇచ్చే ముందు ఆ చుట్టుపక్కల పశువుల మేత పోగా ఎంత మిగులుతుందో కొలవండి. మొద్దులు యార్డులోకి రానివ్వకండి, కాటా పుస్తకం పంచాయతీకి చూపించాలనండి. పొటాష్ ఉన్న కట్టె బూడిదను రైతుకే తిరిగివ్వండి.

కొత్త బాయిలరే అక్కర్లేదు కూడా. థర్మల్ కేంద్రాలు బొగ్గులో 5 శాతం బయోమాస్ గుళికలు (పంట వ్యర్థాన్ని పొడి చేసి గట్టిగా నొక్కినవి) కలపాలని కేంద్రం ఎప్పుడో చెప్పింది. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం మాకు దూరం కాదు. కట్టెను ముక్కలు చేసే యంత్రాలు, గుళికల మిషన్లు రైతు సంఘాలకు ఇప్పిస్తే చాలు. అవి పత్తి ఆఖరి ఏరుడు నాటికే ఊళ్లో ఉండాలి. ఆ తర్వాత వస్తే అప్పటికే కట్టె కాలిపోయి ఉంటుంది.

- ఒక విశ్రాంత బాయిలర్ ఆపరేటర్, సత్తెనపల్లి